బస్తా అంటే డెబ్బై ఐదు

మా అక్క పోయాక నేను చేసిన మొదటి పని ఆఫీసుకు వెళ్ళడం. అది ధైర్యమేమీ కాదు. ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళందరికీ కుర్చీ వెయ్యాలి, కాఫీ ఇవ్వాలి, "అసలెలా జరిగిందమ్మా" అంటే మొదట్నుంచీ చెప్పాలి. చెప్పడానికి ఏముంది? జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. ఒక ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని, పాస్టరుగారి ప్రసంగం మధ్యలో నా మోచెయ్యి గిల్లి, "ఆయన్ని వాచీ చూసుకోమని చెప్పవే" అని గొణిగింది. మరుసటి ఆదివారానికి సమాధుల తోటలో ఉంది. అంతే జరిగింది.

నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు చిగుళ్ళకు సూది వేస్తారు చూడండి, పెదవి ఉందో లేదో తెలియదు, నీళ్ళు తాగితే పక్కనుంచి కారిపోతాయి, అలా ఉండేది ఒళ్ళంతా. సమాధి చేశాక పెట్టిన ఆదరణ కూడికలో అందరూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేను షామియానా కింద కుర్చీలు సరిపోయాయా లేదా అని చూసుకుంటూ తిరిగాను. "దీనిది రాతి గుండె" అని మా మేనత్త ఎవరితోనో అంది. నాకు వినపడేలాగే అంది. రాయైతే రాయే పోనీ అనుకుని, ప్లేట్లు తక్కువయ్యాయంటే తేవడానికి వెళ్ళాను.

మా ఆఫీసు గవర్నరుపేటలో. కింద కళ్ళద్దాల షాపు, పైన మేము. రైసు మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. ట్రాక్టరు కాటా ఎక్కితే ధాన్యం ఎంత తూగింది, తేమ ఎంత, బస్తాలెన్ని అని రైతు చేతికి చీటీ వస్తుంది కదా, ఆ చీటీ వెనకున్నది మేమే. సాఫ్ట్‌వేర్ అనగానే అద్దాల మేడ ఊహించుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను, మా ఆఫీసులో ఏసీ వెయ్యాలంటే ఫ్రిజ్ ఆపాలి.

నన్ను ఈ పనిలోకి లాగింది అక్కే. నేను ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుండేదాన్ని. "గొంతు అరగదీసుకుని ఏం బావుకుంటావే, రా" అని తీసుకొచ్చి తన పక్క సీట్లో కూర్చోబెట్టింది. ఇద్దరం పటమటలో ఒక చిన్న పోర్షన్‌లో ఉండేవాళ్ళం. శనివారం సాయంత్రం కంకిపాడు బస్సెక్కి ఊరికి వెళ్ళి, ఆదివారం చర్చి అయ్యాక తిరిగొచ్చేవాళ్ళం. అమ్మ పెళ్ళి మాటెత్తితే "ముందు ఈ రిలీజ్ అవనీ అమ్మా" అనేది అక్క. రిలీజ్ అంటే రాసింది మిల్లులకు పంపడమని, అది ఎప్పటికీ తెమలదని తెలియక అమ్మ ప్రతిసారీ సరేననేది.

చేరిన కొత్తల్లోనే నేను ఒక ఫైలు మొత్తం చెరిపేశాను. అక్క నవ్వుతూ వచ్చి, నా కుర్చీని పక్కకు నెట్టి, ఏదో రెండు ముక్కలు కొట్టింది. ఫైలు ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది.

"దీన్ని గిట్ అంటారు. నువ్వు రాసిందీ చెరిపిందీ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు, అన్నీ దాచుకుంటుంది. పులుసులో ఉప్పెక్కువైతే తియ్యలేం కదా, ఇక్కడ తియ్యొచ్చు. కాబట్టి భయపడి చావకు" అంది.

తర్వాత కాగితం మీద ఒక పెద్ద గీత గీసి, దాని పక్కనుంచి చిన్న గీత తీసింది. "ఇది మెయిన్. తిన్నగా దీంట్లో చెయ్యి పెట్టకూడదు. ఇక్కణ్ణుంచి ఒక బ్రాంచి తీసుకుని, నీ పనంతా అందులో చేసుకుని, బాగుందనుకున్నాక మళ్ళీ మెయిన్‌లో కలపాలి. బందరు కాలువా, పిల్ల కాలువా లాగా."

"పిల్ల కాలువ మళ్ళీ పెద్ద కాలువలో కలవదు కదే, పొలాలు తిరిగి మురుగ్గాలవలో పడుతుంది" అన్నాను.

"రైతు కూతురివని తెలుసులే, నోర్మూసుకుని విను."

అలా కలిపే ముందు ఇంకొకరు చూసి సరే అనాలి. ఆఫీసు పెట్టిన సార్ రాసింది అయినా సరే, ఇది మా ఆఫీసు కట్టుబాటు. అక్క రాసింది చూసేది వన్‌టౌన్ నుంచి వచ్చే మా కొలీగ్. నా ఈడుదే. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఒకరి డబ్బాలోది ఒకరు తినేవాళ్ళు. రంజాన్ నెలలో ఆమె ఉపవాసముంటే అక్క కూడా ఆమె ఎదురుగా తినలేక మానేసి, సాయంత్రానికి ఆకలితో నకనకలాడుతూ నా మీద అరిచేది. ఆ ఉపవాసం పుణ్యం ఎవరికి పోయిందో తెలియదు కానీ, తిట్లు మాత్రం నాకే వచ్చేవి.

గిట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఏ ఫైలైనా తెరిచి అడిగితే, ప్రతి వరుస పక్కనా దాన్ని చివరిగా ముట్టుకున్నది ఎవరో, ఎప్పుడో చూపిస్తుంది. ఏదైనా తప్పు దొరికితే ఎవరిని అడగాలో తెలియడానికి. అక్క పోయాక ఆఫీసుకు వెళ్ళిన రోజున నేను అది తెరిచి కూర్చున్నాను. వరుస పక్కన అక్క పేరు. దాని కింద అక్క పేరు. దాని కింద మళ్ళీ. స్క్రీన్ నిండా పైనుంచి కిందిదాకా ఆమె పేరే. దాన్ని మెల్లగా జరుపుకుంటూ కూర్చుంటే చూసేవాళ్ళకు పని చేస్తున్నట్టే ఉంటుంది. నేను చాలా రోజులు అలాగే పని చేశాను.

ఒకరోజు చూస్తే ఒకచోట అక్క పేరు లేదు. మా కొలీగ్ పేరుంది. చీటీ కింద ధన్యవాదాలు అన్న మాటలో పడ్డ అక్షరదోషం దిద్దిందట. చివరిగా ముట్టుకున్నది ఆమె కాబట్టి పేరు ఆమెది పడింది. ఎన్నాళ్ళ తర్వాతనో నాకు ఒంట్లో ఏదో కదిలింది, అది కూడా కోపం.

"ఎందుకు ముట్టుకున్నావ్?" అన్నాను.

"తప్పుంది కాబట్టి."

"ఆ ఫైళ్ళన్నీ నేను చూసుకుంటాను. నువ్వు వాటి జోలికి రాకు."

ఆమె నా మొహం కేసి చూసి, తినబోతున్న డబ్బాకు మూత పెట్టుకుంది. ఆమెక్కూడా అక్క పోయిందని నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఫైళ్ళ నడుమ ఒక వరుస ఉండేది. బస్తా అంటే డెబ్బై ఐదు కిలోలని కంప్యూటర్‌కు చెప్పే వరుస. దాని పైన అక్క, చదివేవాళ్ళ కోసం ఒక మాట రాసింది. మేము తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తుంటాం. "బస్తా అంటే డెబ్బై ఐదు. మా నాన్న చెప్పాడు. ముట్టుకుంటే చంపేస్తా."

మా ఇంట్లో బస్తా అంటే డెబ్బై ఐదే. ఎకరానికి ఎంత పండింది అన్నా, కౌలు ఎంత అన్నా ఆ బస్తాల్లోనే. మిగిలినవి విడి కిలోలు. వెయ్యి కిలోలు అంటే మా నాన్నకు తలకెక్కదు. పదమూడు బస్తాల పాతిక కిలోలు అంటే చటుక్కున ఎక్కుతుంది. అక్క రాసింది కూడా అచ్చం నాన్నలాగే లెక్కపెట్టేది. బస్తాలు ఒక గడిలో, విడి కిలోలు పక్క గడిలో. చిన్నప్పుడు కళ్ళంలో నాన్న పక్కన కూర్చుని బస్తాకొక గింజ చొప్పున పక్కన పెట్టి లెక్క చెప్పింది అక్కే, నేను ఆ గింజలు నమిలేసేదాన్ని.

కొన్నాళ్ళకు చల్లపల్లి వైపు ఒక మిల్లు నుంచి ఫోను వచ్చింది. ప్రభుత్వం కొనే ధాన్యమంతా నలభై కిలోల గోనెల్లో ఎత్తుతున్నారు, చీటీ కూడా గోనెల లెక్కలోనే రావాలి అని. సార్ నన్ను పిలిచారు.

"అరగంట పనమ్మా. ఆ డెబ్బై ఐదు తీసేసి, ఏ సంచి అయితే ఆ సంచి ఎంచుకునేట్టు పెట్టెయ్."

"అలాగేనండి" అన్నాను.

సీట్లోకి వచ్చి ఆ వరుస ముందు కూర్చున్నాను. అరగంట పని కాదు, అయిదు నిమిషాల పని. కానీ నేను ముట్టుకున్నానంటే దాని పక్కన నా పేరు పడుతుంది. గిట్ దేన్నీ పారెయ్యదు, వెనక్కి వెళ్ళి వెతికితే పాత వరుస అక్క పేరుతోనే అక్కడ ఉంటుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసినా చెయ్యి కదల్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను, అప్పుడూ కదల్లేదు.

అందుకని ముక్కెక్కడుందంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు చేశాను. అక్క వరుసను అలాగే ఉంచి, అది తేల్చిన బస్తాలు తీసుకుని, వాటిని డెబ్బై ఐదుతో హెచ్చవేసి మళ్ళీ కిలోలు చేసి, ఆ కిలోల్ని నలభైతో భాగించి గోనెలు చేశాను. మూడు వేల కిలోలు వేసి పరీక్ష చేశాను. నలభై బస్తాలు, డెబ్బై ఐదు గోనెలు. ముచ్చటగా వచ్చింది లెక్క. విడి కిలోలు లేని లెక్క కదా, రాక ఏం చేస్తుంది.

మా కొలీగ్ చూసి, "ఇదేంటే? ఉన్న కిలోల్ని తిన్నగా నలభైతో భాగిస్తే పోలా? బస్తాలు చేసి మళ్ళీ విప్పడమెందుకు?" అంది.

"పని చేస్తోందిగా."

"చేస్తోంది కానీ..." అని ఆగిపోయింది. ఆ పైన రాసి ఉన్న మాట ఆమె కంట్లో పడినట్టుంది. చంపేస్తా అన్న మాట. ఇంకేమీ అడక్కుండా సరే అని నొక్కేసింది. మా ఆఫీసు కట్టుబాటు జాలి ముందు నిలబడలేదు. చల్లపల్లి మిల్లుకు పంపాం, తర్వాత మిగతా మిల్లులన్నిటికీ అదే పంపాం.

కోతలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం నాన్న ఫోను చేశాడు.

"అమ్మాయ్, మీ మెషిన్ ఏదో తిక్కతిక్కగా చెబుతోందే. నేను పాతిక గోనెలు తీసుకెళ్తే ఇరవై నాలుగు అని చీటీ ఇచ్చింది."

"కాటా తప్పేమో నాన్నా."

"కాటా వెయ్యి కిలోలు చూపించింది, నా కళ్ళతో చూశా. చీటీలోనే ఇరవై నాలుగు. నా ఒక్కడికే కాదు, ఇంకా ఇద్దరు ముగ్గురికి ఇలాగే పడిందంట. రేపు ఎలాగూ వస్తావుగా, ఒకసారి మిల్లుకాడికి రా."

ఫోను పెట్టకముందే నాకు తెలిసిపోయింది. వెయ్యి కిలోలంటే పదమూడు బస్తాల పాతిక కిలోలు. నేను ఆ పదమూడు తీసుకున్నాను. పక్క గడిలో ఉన్న పాతిక కిలోల్ని తీసుకోవడం మరిచిపోయాను. నాన్న నోట జీవితమంతా విన్న మాటలో సగం వదిలేశాను.

మర్నాడు కంకిపాడు అవతల మిల్లుకు వెళ్ళాను. ఊక దుమ్ములో ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. నాన్న కాటా గది బయట చీటీ పట్టుకుని నిలుచున్నాడు. లోపల గుమాస్తా నన్ను చూసి, "రండి మేడం, ప్రస్తుతానికి మేం చేత్తో దిద్ది సంతకం పెట్టి ఇస్తన్నామండీ. ఎవరికీ నష్టం లేదులెండి" అన్నాడు.

అంతలో మా ఊరి ఆయనే ఒకాయన ట్రాక్టరు మీదనుంచి అరిచాడు. "ఏం బాబాయ్, మా పెద్దమ్మాయి రాసింది, కంప్యూటరంతా మా పెద్దమ్మాయిదే అని ఊరంతా టముకు వేశావుగా! గోనె మింగేసిందిగా మీ పెద్దమ్మాయి!"

నలుగురు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆయనకు గుర్తొచ్చినట్టుంది, మొహం మాడిపోయింది. "అంటే, నా ఉద్దేశం అది కాదు బాబాయ్" అని ట్రాక్టరు దిగబోయాడు. నాన్న "పర్లేదులేరా" అని చెయ్యి ఊపాడు.

నాన్న అలా చెప్పుకుంటున్నాడని నాకు తెలియదు. చీటీ చేతికొచ్చిన ప్రతిసారీ, పక్కనున్న ప్రతివాడికీ, ఇది మా పెద్దమ్మాయి రాసిందే అని చెప్పేవాడట. ఆదరణ కూడికలో గోడకానుకుని నోరు విప్పని మనిషి.

నన్ను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అన్నాడు. "మీ అక్క రాసిన దాంట్లో తప్పు పడదే. నాకు తెలుసు. ఎవడో కెలికుంటాడు. ఎవడో కనుక్కో."

"నేనే నాన్నా" అన్నాను.

అర్థం కాలేదు ఆయనకు. చెప్పాను. అక్క రాసిన డెబ్బై ఐదు తియ్యకుండా దాని చుట్టూ తిరిగి ఇంకోటి రాశానని, ఆ తిరగడంలో విడి కిలోలు రాలిపోయాయని చెప్పాను.

"ఇప్పుడు అన్నీ నలభై గోనెలేగా. ఆ డెబ్బై ఐదు తీసెయ్యకపోయావా?"

"తీస్తే అక్క పేరు పోతుంది."

"పేరెక్కడుంది?"

"కంప్యూటర్‌లో. వరుస పక్కన."

"ఎవరు చూస్తారే దాన్ని?"

"నేను చూస్తాను నాన్నా. రోజూ చూస్తాను."

నాన్న కండువాతో మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. తర్వాత ట్రాక్టర్ల కేసి చూపించి, "ఇక్కడ ఇంతమంది చూస్తన్నారమ్మా" అన్నాడు. గట్టిగా అనలేదు, కోపంగా కూడా అనలేదు. అని, గోనెల మీద పట్టా ఎగిరిపోతుంటే సర్దడానికి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. సిగ్గేసింది. అక్క పేరు స్క్రీన్ మీద కాపాడుకుందామని, మనుషుల నోళ్ళలో పాడు చేశాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి ఒక బ్రాంచి తీసుకున్నాను. నేను తల చుట్టూ తిప్పిన చెత్తంతా తీసేశాను. తర్వాత ఆ వరుస దగ్గరికి వచ్చాను. డెబ్బై ఐదు చెరిపాను. ఏ సంచి ఎంచుకుంటే ఆ సంచి బరువు తీసుకునేట్టు రాశాను. మిగిలిన కిలోల్ని వదలకుండా పక్క గడిలోకి పంపాను, అక్క పంపినట్టే. వెయ్యి వేసి చూశాను, పాతిక గోనెలు వచ్చాయి. వెయ్యి ముప్పై వేసి చూశాను, పాతిక గోనెల ముప్పై కిలోలు. మా నాన్న నోటినుంచి వచ్చినట్టే వచ్చింది. ఈసారి చెయ్యి ఆగలేదు.

ఏం మార్చావో, ఎందుకో ఒక ముక్క రాస్తే తప్ప గిట్‌కు అప్పగించడం కుదరదు. చాలాసేపు ఆలోచించి "గోనె నలభై. నాన్న చెప్పాడు" అని రాశాను.

మా కొలీగ్ ఈసారి వరుస వరుసా చదివింది. కాటా బరువులు తనే ఏవేవో వేసి చూసింది.

"బాగుంది. మరి పైనున్న ఆ మాట తీసెయ్యవా? బస్తా అంటే డెబ్బై ఐదు అని ఉంది, ఇప్పుడది నిజం కాదుగా."

"ఉండనీ."

"కొత్తగా వచ్చినవాళ్ళు చదివి తికమక పడతారే."

"పడనీ. వచ్చి మనల్ని అడుగుతారుగా, చెబుదాం."

ఆమె కళ్ళు తుడుచుకుని సరే అని నొక్కింది. వెంటనే మిల్లులన్నిటికీ పంపాం. మధ్యాహ్నం తన డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. అక్క పోయాక అలా పెట్టడం అదే మొదలు. ఇద్దరం తిన్నాం.

సాయంత్రం నాన్న ఫోను చేశాడు. "వచ్చిందే, సరిగ్గా వచ్చింది. మొన్న నవ్వాడే, వాడి చీటీ కూడా సరిగ్గానే వచ్చింది. చెప్పాను వాడికి."

"ఏమని చెప్పావు?"

"పెద్దది రాసింది, చిన్నది చూసుకుంటోంది అని."

ఫోను పెట్టేసి ఆ ఫైలు తెరిచాను. వరుసల పక్కన పేర్లు అడిగాను. అక్క పేరు, అక్క పేరు, అక్క పేరు. "ముట్టుకుంటే చంపేస్తా" పక్కన అక్క పేరు. దాని కింద వరుస పక్కన నా పేరు. దాని కింద మళ్ళీ అక్క పేరు. ఆఫీసులో ఆమె సీటు పక్కన నా సీటు ఉన్నట్టే ఉంది, అంతకంటే ఏమీ లేదు. నేను ఆ రెండు వరుసల కేసి చూస్తూ కూర్చున్నాను. ముట్టుకున్నాను కదా. ఫైలు చెరిపేసిన రోజున కుర్చీ పక్కకు నెట్టినట్టు నెడుతుందేమో, నెత్తి మీద ఒక మొట్టికాయ వేస్తుందేమో అని చూశాను.

"తిట్టవే" అన్నాను, పైకే.

పక్కనుంచి మా కొలీగ్ తలెత్తింది. "నన్నా?"

"నిన్ను కాదులే" అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.